తీర్థన్‌లో చేపలు నోరు తెరుస్తానే ఉండాయి, నా ఈగను మాత్రం ముట్టలే. డ్రై ఫ్లై తెలిసినోళ్లు చెప్పండి

హంద్రీ_గట్టు (కర్నూలు), అక్టోబర్ 11, రాత్రి 9:52

అందరికీ నమస్తే అన్నా. ఇక్కడ ఎక్కువ మంది కొరమీను, బొచ్చె బ్యాచ్ అని తెలుసు, అయినా నా గోడు యాడ చెప్పుకోవాలో తెలీక రాస్తాండా. సెలవులు దొరికితే మా బావమరిదిని ఎంటబెట్టుకోని హిమాచల్ పోయింటి, కులూ జిల్లాలో తీర్థన్ నది ఉంది కదా, బ్రౌన్ ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప కోసం. ఆరు నెలలు యూట్యూబ్ చూసి, 5 వెయిట్ రాడ్ (ఈగను విసిరే గాలం కర్ర, 5 అనేది దానికి సరిపోయే లైన్ బరువు నంబర్) కొని, మా మిద్దె మీద ప్రాక్టీస్ చేసి (పక్కింటామె ఆరేసిన చీరను రెండుసార్లు పట్టినా, నా ఫస్ట్ క్యాచ్ అదే), అక్కడ లైసెన్స్ తీసుకోని నీళ్లలో దిగినా.

మొదటి రోజు ఎండ, ఏమీ లేదు. రెండో రోజు మబ్బు పట్టి సన్న జల్లు. పదకొండున్నరకి మొదలైంది సామీ, బూడిద రంగు చిన్న చిన్న పురుగులు రెక్కలు నిక్కబొడుచుకోని తెరచాప పడవల మాదిరి తేలుకుంటా వస్తాండాయి, చేపలు వాటిని ఒకదాని ఎనక ఒకటి మింగుతాండాయి. గంటన్నర సేపు నా చుట్టూ యాడ చూసినా వలయాలే. నేను ఆడమ్స్ ఈగ (కొక్కేనికి ఈకలు చుట్టి చేసిన, నీళ్ల మీద తేలే ఉత్తుత్తి ఈగ, డ్రై ఫ్లై అంటారు), 14 నంబర్ కొక్కెంది వేసినా. ఒక్కటంటే ఒక్కటి ముట్టలే. ఒక చేప మాత్రం పైకి లేచి, నా ఈగ కిందనే దాంతో పాటు ఒక గజం దూరం ఎనక్కి వచ్చి, బాగా చూసి, తిరిగి పోయింది. పెండ్లిచూపుల్లో కూడా నాకు అంత అవమానం జరగలే.

యాడ తప్పు చేసినా? ఈగ తప్పా, విసరడం తప్పా, నా ముఖం తప్పా?

కడప_కారందోశ, అక్టోబర్ 11, రాత్రి 10:05

చీరకి ఏ నంబర్ ఈగ వేసినావు అన్నా, అది పని చేసినట్టుంది కదా

గుత్తికోట_77, అక్టోబర్ 11, రాత్రి 10:31

ఇంత దూరం పోయి, వేలు ఖర్చు పెట్టి, ఈకలు చుట్టిన కొక్కెం వేసి చేప రాలేదని ఏడ్చేదేంది అబ్బీ. ఒక ఎర్ర గుచ్చి వదిలింటే పనైపోయేది. పైగా మీరు పట్టినా మళ్ళీ వదిలేస్తారంట కదా, అదొకటి నాకు అర్థం కాదు. కూర వండనప్పుడు పట్టేది దేనికి?

హంద్రీ_గట్టు, అక్టోబర్ 11, రాత్రి 10:40

గుత్తి అన్నా, మా గైడ్ కూడా అదే అన్నాడు, ఎర్ర కాదు గానీ స్పిన్నర్ (నీళ్లలో గిరగిరా తిరిగే రేకు గాలం) వెయ్ సార్ అన్నాడు. అట్లయితే నేను మన గాజులదిన్నె డ్యాంలోనే పట్టుకునేవాణ్ణి కదా. కండ్ల ముందర తేలే ఈగను అది నోరు తెరిచి మింగేది చూడాలనే పోయినా.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 12, ఉదయం 8:14

చాలా రోజులకు ఇక్కడ నాకు తెలిసిన టాపిక్ వచ్చింది, అందుకే కొంచెం పొడుగు రాస్తా, ఓపిక లేనివాళ్లు దాటెయ్యండి.

బ్రో నువ్వు చూసింది మేఫ్లై హ్యాచ్. రెక్కలు నిలబెట్టి పడవలాగా తేలేది అదే, వేరేది కాదు. మబ్బు, సన్న జల్లు, మధ్యాహ్నం, చిన్న సైజు, బూడిద రెక్క అంటున్నావు కాబట్టి బీటిస్ జాతి అయ్యుంటుంది, ఇక్కడ కొలరాడోలో బ్లూ వింగ్డ్ ఆలివ్ అంటారు, సెప్టెంబర్ అక్టోబర్‌లో మాకు పండగ అదే. దాని కథ ఏందంటే, నెలల తరబడి నీళ్ల అడుగున రాళ్ల మధ్య బతికి (అప్పుడు దాన్ని నింఫ్ అంటారు), ఒకరోజు పైకి ఈది వచ్చి, నీటి పొర దగ్గర వీపు చీల్చుకుని రెక్కలతో బయటికొస్తుంది. అది డన్. ఆ రెక్కలు ఆరేదాకా ఎగరలేదు, నీళ్ల మీద అట్లా తేలుతూ పోవాల్సిందే. ఎండ ఉంటే త్వరగా ఆరి ఎగిరిపోతుంది, మబ్బు చలి ఉంటే ఆలస్యం. అందుకే నీ రెండో రోజు చేపలకు విందు. తర్వాత చెట్ల ఆకుల్లోకి పోయి ఇంకోసారి కుబుసం విడుస్తుంది, రెక్కలు వచ్చాక కూడా మళ్ళీ కుబుసం విడిచే పురుగు లోకంలో ఇదొక్కటే. అప్పుడు దాన్ని స్పిన్నర్ అంటారు (మీ గైడ్ చెప్పిన రేకు స్పిన్నర్ వేరు). దానికి పనిచేసే నోరు ఉండదు, తిండి లేదు, జత కట్టి గుడ్లు పెట్టి ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

ఇప్పుడు నీ సంగతి. బీటిస్ అంటే 18, 20, ఒక్కోసారి 22 నంబర్ కొక్కెం. నంబర్ పెరిగేకొద్దీ సైజు చిన్నది అని నీకు తెలిసే ఉంటుంది. మన సోనా మసూరి గింజంత పురుగు వస్తుంటే నువ్వు చిక్కుడు గింజంత వేసినావు. చేపకు చదువు లేదు గానీ కొలత బాగా తెలుసు.

కానీ నా అనుమానం సైజు ఒక్కటే కాదు. రెండు ప్రశ్నలు అడుగుతా, గుర్తు తెచ్చుకుని చెప్పు. ఒకటి, చేప పైకి వచ్చినప్పుడు మూతి కనపడిందా, లేక వీపు, తోక మాత్రమేనా? వలయంలో గాలి బుడగ మిగిలిందా? రెండు, నీ ఈగ పోతున్నప్పుడు దాని పక్కన నురగ బుడగలు ఉంటే, రెండూ కలిసి పోయాయా?

నంద్యాల_వరి, అక్టోబర్ 12, ఉదయం 9:02

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాకు చేపల కంటే పురుగులే ఎక్కువ తెలుసు. ఇప్పుడు మా వైపు కేసీ కెనాల్ ఆయకట్టులో రాత్రి లైటు వేస్తే సన్న పచ్చ పురుగులు కుప్పలు కుప్పలు పడుతున్నాయి కదా, నిన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన అవి కూడా మేఫ్లైలే అని పెట్టాడు. కాదు. అవి వరి మీది పచ్చదీపపు పురుగులు, నీళ్లలోంచి లేచేవి కావు, పైరు రసం పీల్చేవి. మేఫ్లైని గుర్తుపట్టడం తేలిక, వాలినప్పుడు రెక్కలు నిటారుగా నిలబెడుతుంది, తోక దగ్గర రెండో మూడో పొడుగాటి దారాలుంటాయి. మన కాలవల్లో కూడా బీటిస్ కుటుంబం పురుగులు ఉంటాయి, ఎవరూ చూడరు అంతే.

హంద్రీ_గట్టు, అక్టోబర్ 12, మధ్యాహ్నం 1:20

డెన్వర్ అన్నా మీరు అడిగినాక కండ్లు మూసుకోని గుర్తు చేసుకున్నా. మొదట్లో మొత్తం వీపులే. వీపు రెక్క, ఆ ఎనక తోక కొస, అంతే, మూతి కనపడలే. తర్వాత తర్వాత మూతులు కనపడినాయి, సిప్ అని చిన్న శబ్దం కూడా. బుడగల సంగతి చూసుకోలే. ఈగ బుడగలతో పాటు పోయిందా అంటే... మొదటి మూడు నాలుగు అడుగులు పోయేది, ఆ తర్వాత నీళ్ల మీద సన్నగా గీత గీసుకుంటా అడ్డం పోయేది. నేనైతే అది బాగుందే, ఈగకు ప్రాణం వచ్చినట్టుంది అనుకున్నా.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 12, రాత్రి 8:47

ఆ గీతే నీ కొంప ముంచింది బ్రో!

దాన్ని డ్రాగ్ అంటారు. నీకు చేపకు మధ్య నీటి వేగం ఒకేలా ఉండదు. మధ్యలో వడి పాయ ఉంటే అది నీ లావు లైన్‌ను ముందుకు లాగేస్తుంది, లైన్ విల్లులాగా వంగుతుంది, ఆ వంపు ఈగను లాగుతుంది. నిజం పురుగు ప్రవాహానికి అడ్డం ఎందుకు పోతుంది? దానికి మోటార్ ఉందా? వెయ్యి పురుగులు నీటితో పాటు పోతుంటే ఒకటి మాత్రం అడ్డం గీత గీస్తే చేప చూసి తిరిగిపోతుంది. నీ ఈగ కింద గజం దూరం వచ్చింది చూడు, అది అదే, లాగుడు మొదలయ్యేదాకా వచ్చింది, మొదలైంది, నమస్కారం పెట్టింది.

మందు ఏమిటంటే లైన్ పడిన వెంటనే, ఈగను కదపకుండా లైన్ వంపు ఒక్కటే ఎత్తి ఎగువకు మళ్ళీ వెయ్యాలి, మెండింగ్ అంటారు. ఇంకా మంచిది, లైన్ గాల్లో ఉండగానే రాడ్‌ను ఎగువ వైపు చాపి పడుకోబెట్టడం, అప్పుడు లైన్ ముందే ఎగువన పడుతుంది. మిద్దె మీద తిన్నగా కర్రలాగా లైన్ వేయడం నేర్చుకుని ఉంటావు, చూడ్డానికి అందం, నదిలో అదే శత్రువు. చివర్లో కొంచెం వదులు ఉండాలి, టిప్పెట్ (లైన్ చివర ఈగకు కట్టే సన్న తంగూసు) మెలికలు మెలికలుగా పడాలి. ఆ మెలికలు విడిపోయేదాకా ఈగకు స్వేచ్ఛ. ముప్పై అడుగుల దూరం నుంచి నీకు కనపడని లాగుడు కూడా చేపకు కనపడుతుంది, అందుకే నురగ బుడగల సంగతి అడిగాను. ఈగ, బుడగ జంటగా పోతే సరే. విడిపోతే మళ్ళీ వెయ్యి.

ఇంకోటి, వలయం కనపడిన చోట చేప ఉండదు. అది తన చోటు నుంచి లేచి, ఈగతో పాటు వెనక్కి జారుతూ చూసి, మింగి, మళ్ళీ ఎగువకు పోయి నిలబడుతుంది. వలయం మీదే వేస్తే దాని వెనక వేసినట్టు. మూడు నాలుగు అడుగులు ఎగువన వెయ్యాలి.

వీపులు మాత్రమే కనపడ్డాయి అన్నావు కదా, అప్పుడు అవి తేలే పురుగును కాదు, పొర కింద ఇంకా సగం కుబుసంలో ఉన్నదాన్ని తింటున్నాయి. ఎమర్జర్. ఆ టైంలో నువ్వు పైన నిక్కి నిలబడే ఈగ వేస్తే అవి తినే అంతస్తు వేరు, నువ్వు పెట్టే అంతస్తు వేరు. ప్యారాషూట్ రకం (ఈకలు గొడుగులాగా అడ్డంగా చుట్టిన ఈగ) వెయ్యి, లేదా ఉన్న ఈగకే అడుగు వైపు ఈకలు కత్తెరతో కత్తిరించు, ఒళ్ళు నీళ్లలో కూర్చుంటుంది. మూతి కనపడి బుడగ మిగిలితే అప్పుడు పైన తినడం మొదలైనట్టు.

సాయిబు_గాలం (కర్నూలు), అక్టోబర్ 12, రాత్రి 9:30

సలాం అందరికీ. మా మనవడు టైప్ చేస్తాండాడు, నేను చెప్తాండా. నాకు ఈ 18 నంబర్ 20 నంబర్ తెలీదు భాయ్. నలభై ఏండ్లు తుంగభద్ర ఒడ్డున వెదురు గాలం, నెమలి ఈక కాడ బెండు, ఇంతే నా సామాను. కానీ ఆ డెన్వర్ అబ్బాయి చెప్పింది నాకు తెల్సిన మాటే.

వాన పడి ఎలిసినాక సందెపొద్దు ఉసుళ్లు లేస్తాయి కదా. నీళ్ల మీద పడ్తాయి, రెక్కలు అతుక్కపోతాయి, లేవలేవు. పక్కెలు, జిలేబీ చేపలు, అన్నీ పైకొస్తాయి. నేనేం చేస్తానంటే బెండు తీసేస్తా, సీసం గుండు తీసేస్తా. వట్టి సన్న కొక్కేనికి ఒక ఉసులు గుచ్చి, తంగూసు వదులుగా పెట్టి నీళ్లతోనే పోనిస్తా. కొత్తోళ్లు పక్కనే కూసోని తంగూసు బిర్రుగా పట్టుకుంటారు. వాళ్లదీ ఉసులే, నాదీ ఉసులే. వాళ్ల దానికి చేప మూతి ఆనించి పోతాది, నా దాన్ని తింటాది. మా నాయన ఏమనేవాడంటే, ఉసులుకు కాళ్లు కట్టేస్తే చేపకు తెలుస్తాది అని.

పీఏబీఆర్_పిల్లోడు (అనంతపురం), అక్టోబర్ 12, రాత్రి 9:58

తాతా సూపర్. మా పక్క వాటిని ఈసుళ్లు అంటాం. మా జేజి వాటిని వేయించి బొరుగుల్లో కలిపి పెట్టేది, చేపలకు మిగిలేవి కాదు

కడప_కారందోశ, అక్టోబర్ 12, రాత్రి 10:11

ఈసుళ్లు కాదు ఉసుళ్లు. దీని మీద వేరే థ్రెడ్ పెట్టుకుందాం, ఇక్కడ మొదలైతే 200 పోస్టులు అయితాయి

గుత్తికోట_77, అక్టోబర్ 13, ఉదయం 7:15

సరే, ఒక డౌట్. ఇంత కష్టం దేనికి, ఆ ట్రౌట్ పిల్లలు తెచ్చి మన సుంకేసుల బ్యారేజీ కింద వదిలితే పోలా? తెల్లోళ్లు వాళ్ల దేశం నుంచి తెచ్చి హిమాలయాల్లో వదల్లేదా?

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 13, ఉదయం 8:30

వదిలారు అన్నా, నిజమే. 1900లో కశ్మీర్‌కు స్కాట్లండ్ నుంచి గుడ్లు తెప్పించి పొదిగించారు, అక్కడి నుంచి కొన్నేళ్లకు కులూ వైపుకు వచ్చాయి. దక్షిణాన నీలగిరుల్లో, మున్నార్ పైన కొండల్లో రెయిన్‌బో ట్రౌట్ నిలబడింది. కానీ ఇవన్నీ చల్లని కొండ నీళ్లు. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీలు హాయి. 20 దాటితే మేము ఇక్కడ వాటిని పట్టడమే ఆపేస్తాం, పట్టి వదిలినా కోలుకోలేక చస్తాయి. 25 దగ్గర అసలు బతకడమే కష్టం. నీళ్లు వేడెక్కేకొద్దీ కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయానికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, రెండు వైపులా దెబ్బ.

మా దగ్గర పెద్ద డ్యాముల కింద ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది ఎందుకంటే నీళ్లు అడుగు నుంచి వదులుతారు, వంద రెండు వందల అడుగుల లోతు నుంచి. సుంకేసుల బ్యారేజీ, అంత లోతు యాడిది? మే నెలలో కర్నూలు నీళ్లలో ట్రౌట్ వేస్తే నూనె లేకుండానే వేగిపోతుంది.

గుత్తికోట_77, అక్టోబర్ 13, ఉదయం 8:41

అట్లయితే కూరకు పనికొస్తాది కదా

ధర్మవరం_మగ్గం, అక్టోబర్ 13, సాయంత్రం 6:05

నేను ఇక్కడ చదివేవాణ్ణే గానీ రాసేవాణ్ణి కాదు, ఒక విషయం అడగాలనిపించి రాస్తాండా. ఆ ఈగలు మీరే కట్టుకోవచ్చంట కదా, దారం ఏది వాడతారు? పాత కాలంలో పట్టు దారం వాడేవాళ్లని ఎక్కడో విన్నా. మా ఇంట్లో మగ్గం ఉంది, కండెల్లో మిగిలిన పట్టు పోగులు ఎన్ని రంగులు కావాలంటే అన్ని ఉండాయి. పారేసేదే, ఎవరికైనా కావాలంటే పంపిస్తా.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 13, రాత్రి 8:20

మీరు విన్నది నిజం. ఇప్పుడు అందరం నైలాన్, పాలిస్టర్ వాడుతున్నాం గానీ నైలాన్ రాకముందు మొత్తం పట్టే. ఇప్పటికీ పట్టుతో కట్టేవాళ్లున్నారు. ధర్మవరం పట్టుతో ట్రౌట్ ఈగ అంటే నాకే ఆశ పుడుతోంది.

ఒక చిన్న విషయం, పట్టు తడిస్తే రంగు ముదురుతుంది. ఎండు మీద లేత ఆలివ్ కనపడింది నీళ్లలో ముదురు ఆలివ్ అవుతుంది. కాబట్టి పురుగు రంగు కంటే ఒక ఛాయ తక్కువ రంగు తీసుకోవాలి, కట్టే ముందు నాలుకతో తడిపి చూసుకుంటే సరి.

ధర్మవరం_మగ్గం, అక్టోబర్ 13, రాత్రి 8:44

ఆ సంగతి మాకెందుకు తెలీదు, అద్దకం పెట్టేటప్పుడు తడి మీద రంగు చూసి మోసపోకూడదని మొదట చెప్పేదే అది. మీరు దానికి ఉల్టా. లేత కాకరకాయ రంగు పోగు ఒకటి ఉంది, హంద్రీ_గట్టు అన్నా పర్సనల్ మెసేజ్‌లో అడ్రస్ పెట్టు.

హంద్రీ_గట్టు, అక్టోబర్ 13, రాత్రి 9:10

పెట్టినా అన్నా, థ్యాంక్స్. ఈకల సంగతి ఏంది మరి? మా పెద్దమ్మోళ్ల ఊర్లో నాటు పుంజులు ఉండాయి, ఆడమ్స్‌కు కావాల్సిన నలుపు తెలుపు పట్టీల ఈకలు ఒక పుంజుకు నిండుగా ఉండాయి. మెడ మీదివి నాలుగు పీక్కొస్తా అంటే మా పెద్దమ్మ పుంజును ఎత్తుకోని లోపలికి పోయింది.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 14, ఉదయం 8:02

ఆడమ్స్ అంటే బూడిద ఒళ్లు, పట్టీల ఈక, గోధుమ ఈక రెండూ కలిపి చుట్టేది. 1922లో మిషిగన్‌లో హాలడే అనే ఆయన కట్టాడు, మొదట వాడిన స్నేహితుడి పేరే ఆడమ్స్. ఏ పురుగునూ అచ్చంగా పోలి ఉండదు, అందుకే అన్నిటిలా ఉంటుంది. నువ్వు ఎంచుకున్న ఈగ తప్పు కాదు, సైజు తప్పు.

నాటు పుంజు ఈకల్లో ఇబ్బంది, డ్రై ఫ్లైకి ఈక పోగులు బిరుసుగా, పొట్టిగా ఉండాలి, బ్రష్ మాదిరి నీళ్ల మీద నిలబడాలి. ఇక్కడ దాని కోసమే తరతరాలుగా పుంజులను ఎంచి ఎంచి పెంచుతారు. నాటు పుంజు ఈక మెత్తగా ఉంటే నీళ్లు పీల్చి మునుగుతుంది, పోగులు పొడుగు కూడా. 18 నంబర్‌కు నాటు ఈకలో అంత పొట్టి పోగు దొరకడం కష్టం, 12 నంబర్‌కు ట్రై చెయ్. ముసలి పుంజు మెడ ఈక అయితే కొంచెం బిరుసు. పెద్దమ్మను బతిమాలుకో.

టిప్పెట్ ఏది వేశావు?

హంద్రీ_గట్టు, అక్టోబర్ 14, ఉదయం 8:25

3ఎక్స్. తెగకూడదని.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 14, ఉదయం 8:33

అది తాడు బ్రో. ఒక లెక్క చెప్తా గుర్తుంటుంది, 11 లోంచి ఎక్స్ నంబర్ తీసేస్తే ఎన్ని వెయ్యో వంతుల అంగుళం లావో తెలుస్తుంది. 3ఎక్స్ అంటే 8, 6ఎక్స్ అంటే 5. సన్న ఈగకు లావు టిప్పెట్ కడితే అది వంగదు, వంగకపోతే నీటితో పాటు పోదు, మళ్ళీ అదే లాగుడు. సాయిబు గారు చెప్పిన కాళ్లు కట్టేసిన ఉసులు. 20 నంబర్‌కు 6ఎక్స్, నీళ్లు మరీ తేటగా ఉంటే 7ఎక్స్. కిలో బరువుకే తెగుతుంది, అందుకని చేప లాగితే వదలాలి, రీల్ డ్రాగ్ (రీల్ తిరగకుండా పట్టే బిగింపు, పైన చెప్పిన డ్రాగ్ కాదు) వదులుగా పెట్టుకోవాలి. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడుపు.

పీఏబీఆర్_పిల్లోడు, అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:18

నాకు ఒకటి అర్థం కాలే. బరువు లేని ఈగను ముప్పై అడుగులు ఎట్ల విసురుతారు? మేము పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయర్) దగ్గర కొరమీనుకు రబ్బర్ కప్ప వేస్తాం, కప్పకు బరువుంది కాబట్టి పోతాది.

హంద్రీ_గట్టు, అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:50

ఇది నేను చెప్తా, ఇదొక్కటే నాకు బాగా వచ్చింది. ఇక్కడ బరువు ఈగది కాదు బ్రో లైన్‌ది. 5 వెయిట్ లైన్ మొదటి ముప్పై అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఎనక్కి విసిరి, లైన్ మొత్తం ఎనక సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు. తొందరపడితే చర్నాకోల మాదిరి టప్ అని కొట్టి ఈగ ఊడిపోతాది. ఆ ఆగడం నేర్చుకోనికే నాకు మూడు నెలలు పట్టింది, చీరలు కూడా అప్పుడే.

నంద్యాల_వరి, అక్టోబర్ 14, రాత్రి 9:15

హంద్రీ గారూ, మళ్ళీ ఎప్పుడు పోతున్నారు? పోయేముందు నదిలో ఒక రాయి తిరగేసి అడుగున ఏముందో చూడండి. రెక్కల పెట్టె, అంటే వీపు మీది ఉబ్బు, నల్లగా ముదిరిన పిల్లపురుగులు కనిపిస్తే ఇంక లేవడానికి రోజులే ఉన్నట్టు. చూసి రాయి మళ్ళీ అట్లాగే పెట్టండి.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 15, ఉదయం 7:50

భలే చెప్పారు. ఇంకోటి కూడా, హిమాచల్‌లో ట్రౌట్ నీళ్లు నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా మూసేస్తారు, బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. అక్టోబర్ చివర్లోనే కొన్ని మొదలుపెడతాయి. గులకరాళ్ల మధ్య ఒకచోట మాత్రం శుభ్రంగా తోమినట్టు తెల్లగా కనపడితే అది గూడు, అందులో కాలు పెట్టొద్దు, దాని మీద నిలబడిన చేపకు ఈగ వేయొద్దు. కాబట్టి వచ్చే ఏడాది సెప్టెంబర్ మూడో వారం తర్వాత పో, వర్షాల బురద తేరుకుంటుంది.

కొక్కెం ఎప్పుడు లాగావు? చేప రాలేదు కాబట్టి ఆ అవసరం రాలేదనుకో. వచ్చినప్పుడు మూతి తెరవగానే లాగకు, నోట్లోంచి ఊడొస్తుంది. మూసి కిందికి తిరగనీ. మాకు ఇక్కడ ఒక్కొక్కడికీ ఒక మంత్రం ఉంటుంది. నేనైతే ఒక్కసారి గోవిందా అనుకుని ఎత్తుతా. పెద్ద చేపకు గోవింద గోవిందా.

సాయిబు_గాలం, అక్టోబర్ 15, ఉదయం 10:20

నేను బిస్మిల్లా అంటా. అదీ సరిగ్గా అంతసేపే పడ్తాది.

కడప_కారందోశ, అక్టోబర్ 15, ఉదయం 10:26

ఈ థ్రెడ్‌లో నాకు నచ్చిన పోస్ట్ ఇదే

గుత్తికోట_77, అక్టోబర్ 15, రాత్రి 9:00

చదవంగా చదవంగా నాకే ఆసక్తి పుడుతోంది, ఇది మంచిది కాదు. అయినా తేలే ఈగే వెయ్యాలని పట్టుదల దేనికి? నీళ్ల కింద తింటాంటే కింద వేసేది.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 16, ఉదయం 8:10

అన్నా ఈ గొడవ వందేళ్ల పైది. ఇంగ్లండ్‌లో హాల్ఫర్డ్ అనే ఆయన తేలే ఈగనే దారి అన్నాడు, స్క్యూస్ అనే లాయరు, చేప కింద తింటుంటే నింఫ్ వేస్తే తప్పేంటి అన్నాడు. వాళ్ల శిష్యులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నేనైతే రెండూ వేస్తా. కానీ చేప మూతి పైకొచ్చి నీ ఈగ మాయమయ్యే ఆ ఒక్క సెకను కోసం మిగతా రోజంతా ఖాళీగా తిరగడానికైనా రెడీ.

పీఏబీఆర్_పిల్లోడు, అక్టోబర్ 17, సాయంత్రం 5:33

హంద్రీ అన్నా, ఒక ఐడియా. వచ్చే సెప్టెంబర్ దాకా మిద్దె మీద ఎందుకు, మన ఈసుళ్ల టైంలో ప్రాక్టీస్ చెయ్. పాత హవాయి చెప్పు స్పాంజి సన్నగా కోసి కొక్కేనికి గోధుమ రంగు దారంతో రెండు చోట్ల బిగించి, పాలిథిన్ కవర్ కోసి నాలుగు రెక్కలు. మునగనే మునగదు. నేను పెన్నా గుంటల్లో వెదురు గాలానికి కట్టి పక్కెలు పట్టినా. చెరువు అయితే చేపల సొసైటీ వాళ్లను అడిగే దిగు, చేప పిల్లలు వదిలింటారు, గలాటా అయితాది.

సాయిబు_గాలం, అక్టోబర్ 17, రాత్రి 8:00

నది పక్క పోతే పైన గేట్లు ఎత్తినారేమో కనుక్కోని పో బేటా. నీళ్లు నిమ్మళంగానే ఉన్నట్టు ఉంటాయి, చూస్తాండంగానే మోకాలు దాటుతాయి. 2009 అక్టోబర్ 2 కర్నూలు వరద చూసినోణ్ణి, నా పాత గాలాలన్నీ ఆ రోజే పాయె.

హంద్రీ_గట్టు, అక్టోబర్ 26, రాత్రి 11:08

అప్‌డేట్. ఈ పొద్దు మధ్యాహ్నం వాన దంచి నాలుగున్నరకు ఎలిసింది. నది జోలికి పోలే, మా అత్తగారి ఊరి చెరువుకు పోయినా, సొసైటీ పెద్దాయనను అడిగితే "ఆ ఈకలతో నువ్వు పట్టేదేముంది, పట్టుకో పో" అని నవ్వినాడు.

ఐదున్నరకు గట్టు మీద పుట్టలోంచి ఉసుళ్లు లేచినాయి. కారందోశా, ఉసుళ్లే. గాలికి సగం చెరువులో పడినాయి. చూస్తాండంగానే తూము దగ్గర వలయాలు మొదలైనాయి, తీర్థన్‌లో చూసిన మాదిరే, నాకు గుండె దడ. చెప్పు స్పాంజి ఉసులు, 12 నంబర్ కొక్కెం, ధర్మవరం అన్న పంపిన గోధుమ పట్టు పోగుతో కట్టింటి (కాకరకాయ రంగు పోగు తీర్థన్‌కు దాచినా), 5ఎక్స్. మొదటి పది సార్లు అదే కథ. చెరువులో ప్రవాహం ఎక్కడిది అనుకుంటిని, తూము దగ్గర నీళ్లు మెల్లగా జరుగుతాండాయి, పైన గాలి లైన్‌ను ఇంకో పక్కకు తోస్తాంది. ఒక చేప ఈగ కిందికొచ్చి నిలబడింది, స్పష్టంగా చూసినా, స్పాంజి ఉసులు ఒక అంగుళం పక్కకు జరిగింది, అంతే, తిరిగి పోయింది. ఆ తిరగడం నాకు గుర్తుంది!

అప్పుడు చోటు మార్చి, గాలికి ఎదురుగా కాకుండా గాలి నా వీపుకు తగిలేట్టు నిలబడి, లైన్ చివర్లో రాడ్ కొంచెం ఎనక్కి ఆపి వదులుగా పడేసినా. ఈగ పడింది. పక్కన నిజం ఉసులు ఒకటి. రెండూ జంటగా పోతాండాయి. ముందు ఆ నిజందాన్ని మింగింది. నేను ఊపిరి పీల్చలే. తర్వాత నాది మాయమైంది. గోవిందా అనుకోవాల్సింది మర్చిపోయి "అమ్మా" అన్నా, అయినా పడింది.

జిలేబీ చేప. అరచేయంత. ఆ తర్వాత చీకటి పడేలోపల ఇంకో రెండు, ఒక పక్కె. మూడు వదిలేసినా, ఒకటి సొసైటీ పెద్దాయనకు ఇచ్చినా, ఆయన ఈగను పట్టుకోని అటు ఇటు తిప్పి "ఇది చెప్పు కదా" అన్నాడు.

ధర్మవరం_మగ్గం, అక్టోబర్ 26, రాత్రి 11:20

నా పోగు నీళ్లలో దిగిందన్నమాట. ఫోటో పెట్టన్నా, మా ఇంట్లో చూపించాల.

గుత్తికోట_77, అక్టోబర్ 27, ఉదయం 6:40

ఆ రాడ్ ఎంత పడింది, ఆన్‌లైన్‌లోనా? ఊరికే అడుగుతాండా.

ప్రొద్దుటూరు_టు_డెన్వర్, అక్టోబర్ 27, ఉదయం 8:05

బ్రో ఆ జంటగా పోయిన ఉసులు సంగతి చదివి ఆఫీస్‌లో కుర్చీలోంచి లేచా. వచ్చే సెప్టెంబర్‌కు నేను ఇండియా వస్తున్నా. తీర్థన్‌కు నా టికెట్ కూడా కలుపు.

సాయిబు_గాలం, అక్టోబర్ 27, ఉదయం 9:45

హంద్రీ బేటా, ఆ చెప్పు ఉసుళ్లు నాలుగు కట్టి మా ఇంటికి తెచ్చిపెట్టు, జొహరాపురం పక్కనే. కొంచెం పెద్దగా కట్టు. బియ్యం గింజంతవి వద్దు, చేపకు కనపడ్తాయేమో గానీ నాకు కనపడవు.